చట్టం చదివి చట్టాలు చేసిన సంజీవయ్య

వృద్ధులకు నెలనెలా ఇచ్చే పింఛను ఎంత ఉండాలనే చర్చ లేకుండా తెలుగు రాష్ట్రాలలో శాసనసభ ఎన్నికలు జరగడం అరుదైపోయింది. 2024 జూలై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఈ మొత్తం 4,000 రూపాయలకు చేరింది. పోటీ అంతా మొత్తం మీదనే. అసలు ఈ బాధ్యత ప్రభుత్వానికి ఎందుకని ఏ పక్షమూ ప్రశ్నించడం లేదు. ఆ ప్రశ్న బలంగా వినిపించగల కాలంలో, అంటే 1960లో, రాష్ట్రంలో వృద్ధాప్య పింఛనును ప్రారంభించిన ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య.

ఆయనను స్మరించినప్పుడల్లా దేశంలో మొట్టమొదటి దళిత ముఖ్యమంత్రి అనీ, అఖిల భారత కాంగ్రెస్ కమిటీకి మొట్టమొదటి దళిత అధ్యక్షుడు అనీ చెప్పి ముగించడం పరిపాటి అయింది. రెండూ నిజమే. అయితే ఈ రెండు విశేషణాల మరుగున శాసనకర్తగా ఆయన చేసిన పని కనిపించకుండా పోయింది. పింఛను, భూపరిమితి, బోనస్, కాంట్రాక్టు కార్మికుల రక్షణ అనే నాలుగు విషయాలలో రాష్ట్రంలోనూ కేంద్రంలోనూ తీసుకున్న నిర్ణయాలకు ఆయన పదవీకాలంతో సంబంధమున్నది. వీటిలో కొన్ని నిలిచి పేదవాని చేతికి డబ్బుగా అందాయి. మరికొన్ని కాగితం మీద ఉన్నంత గట్టిగా నేల మీద నిలువలేదు. న్యాయశాస్త్ర పట్టభద్రుడైన ఒక నాయకుని చేతిలో రూపొందిన చట్టాలకే ఈ తేడా ఎందుకు వచ్చిందన్నది ఈనాటికీ ఆలోచించదగిన విషయం.

సంజీవయ్య 1921 ఫిబ్రవరి 14న కర్నూలు సమీపంలోని పెద్దపాడు గ్రామంలో జన్మించారు. తండ్రి మునియ్య, తల్లి సుంకులమ్మ. పుట్టిన కొద్ది రోజులకే తండ్రి మరణించారు. ఆ కుటుంబానికి సెంటు భూమి లేదు. నేతపని, కూలిపని జీవనాధారాలు. తల్లి పిల్లలతో కొంతకాలం మేనమామ ఊరైన పాలకుర్తిలో తలదాచుకున్నారు. అక్కడ బాలుడైన సంజీవయ్య పశువులను కాశారు. తిరిగి పెద్దపాడు చేరిన తరువాత అన్న చిన్నయ్య కూలి చేసి సంపాదించిన డబ్బుతో తమ్ముణ్ణి బడికి పంపారు. భూపరిమితి చట్టం గురించి శాసనసభలో మాట్లాడిన పెద్దలలో చాలామంది భూమి ఉన్నవారే. భూమి లేకపోవడమంటే ఏమిటో ఇంటిలోనే చూసినవారు ఆనాటి మంత్రివర్గాలలో వేళ్ల మీద లెక్కించదగినంతమంది మాత్రమే.

కర్నూలు మునిసిపల్ ఉన్నత పాఠశాలలో చదువు ముగించి ఆయన అనంతపురంలోని దత్తమండల కళాశాలలో చేరారు. గణితం ప్రధాన విషయంగా 1942లో పట్టభద్రులైనారు. అది రెండవ ప్రపంచ యుద్ధకాలం. ధరలు పెరిగి రేషను వచ్చిన రోజులు. ఉద్యోగం కోసం తిరగగా దొరికినవన్నీ తాత్కాలికమైనవే. కర్నూలు రేషనింగ్ ఆఫీసులో గుమాస్తాగా పనిచేయడం వాటిలో ఒకటి. ఇచ్చిన పని ఎప్పుడు పోతుందో తెలియని స్థితిని ఆయన పుస్తకాలలో చదివి తెలుసుకోనక్కరలేకపోయింది.

న్యాయశాస్త్రం చదవడానికి మద్రాసు వెళ్లినప్పుడు కూడా చేతిలో డబ్బు లేదు. పగలు న్యాయ కళాశాల, తక్కిన వేళలలో ఒక ఉన్నత పాఠశాలలో గణిత బోధన. ఈ విధంగా 1948లో న్యాయశాస్త్రం పూర్తిచేశారు. 1950లో వకీలు సన్నదు పొందారు. కాని అదే సంవత్సరం ఆయన జీవితం మరో దారి పట్టింది. రాజ్యాంగం అమలులోకి రావడంతో రాజ్యాంగ పరిషత్తు తాత్కాలిక పార్లమెంటుగా మారింది. అటు పార్లమెంటులోనూ ఇటు రాష్ట్ర శాసనసభలోనూ సభ్యత్వం ఉన్నవారు ఏదో ఒకటి వదులుకోవలసి వచ్చింది. ఆ విధంగా ఏర్పడిన ఖాళీలలో ఒకదానికి ఇరవై తొమ్మిదేళ్ల సంజీవయ్య ఎంపికైనారు. కోర్టులో ఆయన వాదించిన రోజులు బహు తక్కువ. న్యాయవాదిగా పేరు గడించి రాజకీయాలలోకి వచ్చిన ప్రకాశం పంతులు వంటివారి తరహా వేరు. సంజీవయ్యకు న్యాయశాస్త్రం సంపాదనకు ఉపకరించలేదు, శాసన నిర్మాణానికి మాత్రమే ఉపకరించింది.

1952 సాధారణ ఎన్నికలలో ఆయన ఉమ్మడి మద్రాసు శాసనసభకు ఎన్నికైనారు. రాజాజీ తన మంత్రివర్గంలో సహకార, గృహనిర్మాణ శాఖలను ఈ యువకునికి అప్పగించారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. పెద్దపాడుకు పట్టణం ఎంత దూరమో రాజధానీ అంతే దూరమైంది. ప్రకాశం, బెజవాడ గోపాలరెడ్డి, ఆంధ్రప్రదేశ్ అవతరణ తరువాత నీలం సంజీవరెడ్డి మంత్రివర్గాలలో వరుసగా ఆయనకు స్థానం లభించింది. ముఖ్యమంత్రులు మారినా, వర్గాలు తారుమారైనా సంజీవయ్య మంత్రిగా కొనసాగడానికి రిజర్వుడు స్థానం ఒక్కటే కారణమని విమర్శించినవారు లేకపోలేదు. అది పూర్తి నిజం కాదు. శాఖ పత్రాలను తానే చదివి అర్థం చేసుకునే మంత్రులు ఏ ముఖ్యమంత్రికైనా అవసరమే.

ముఖ్యమంత్రి పదవి

నీలం సంజీవరెడ్డి కాంగ్రెస్ అధ్యక్షులుగా ఎన్నికై ఢిల్లీ వెళ్లడంతో రాష్ట్రంలో ముఖ్యమంత్రి పదవి ఖాళీ అయింది. ఆ పదవికి అర్హులమని భావించిన పెద్ద నాయకులు ఒకరి ఎన్నికను మరొకరు ఒప్పుకోలేదు. చివరకు అధిష్ఠానం ఆశీస్సులతో సంజీవయ్య శాసనసభా పక్ష నాయకులైనారు. 1960 జనవరి 11న ప్రమాణ స్వీకారం చేసినప్పుడు ఆయనకు 39 ఏళ్లు నిండడానికి ఇంకా నెల రోజులు పైగా ఉన్నది. రాజీ అభ్యర్థిగా వచ్చినవారు సాధారణంగా ఎవరినీ నొప్పించకుండా కాలం గడుపుతారు. ఆ రెండేళ్లలో ఆయన చేపట్టిన పనులు ఆ కోవకు చెందినవి కావు.

వృద్ధాప్య పింఛను గురించి ఒక కథ ఇప్పటికీ కర్నూలు ప్రాంతంలో చెప్పుకుంటారు. ముఖ్యమంత్రి అయిన తరువాత ఆయన స్వగ్రామానికి వెళ్లి, కట్టెల పొయ్యి వద్ద అవస్థ పడుతున్న తల్లి చేతిలో కొంత డబ్బు పెట్టారట. ముఖ్యమంత్రి తల్లి కాబట్టి తనకు సరే, కొడుకులు ఆదుకోలేని తక్కిన ముసలివారి గతి ఏమిటని ఆమె అడిగారట. కథ ఏ మేరకు నిజమో గాని, విధానం ఒక్క ఇంటి నుంచి పుట్టినది కాదు. 1957లోనే ఉత్తరప్రదేశ్ ఇటువంటి పథకాన్ని ప్రారంభించింది. నిరుద్యోగం, వృద్ధాప్యం, అనారోగ్యం సంభవించినప్పుడు ప్రభుత్వ సహాయం పొందే హక్కు గురించి రాజ్యాంగంలోని 41వ అధికరణం చెబుతున్నది. ఆదేశిక సూత్రాలు కోర్టులో అమలు చేయించుకోదగినవి కావు. ప్రభుత్వానికి ఇష్టముంటేనే వాటికి ప్రాణం వస్తుంది. చట్టం చదివిన ముఖ్యమంత్రికి ఈ సంగతి వేరొకరు చెప్పనవసరం లేదు. కేంద్రం జాతీయ స్థాయిలో వృద్ధులకు నెలకు 75 రూపాయల సహాయాన్ని ప్రకటించినది 1995లో. రాష్ట్రంలో పథకం మొదలైన 35 సంవత్సరాల తరువాత అన్నమాట.

1961 జనవరి 2న రాష్ట్రంలో అవినీతి నిరోధక శాఖ ఏర్పాటైంది. లంచగొండితనాన్ని విచారించేందుకు విడిగా ఒక శాఖ ఉండడం అప్పటికి కొత్త. కేంద్రంలో సంతానం కమిటీ నియామకం, కేంద్ర విజిలెన్స్ కమిషన్ స్థాపన ఆ తరువాత జరిగిన సంగతులు.

ఆయన హయాంలో అన్నింటికంటె పెద్ద ప్రయత్నం 1961 నాటి వ్యవసాయ భూముల గరిష్ఠ పరిమితి చట్టం. మొదటి నుంచీ సవరణలకు గురి అయి, భూస్వాముల పలుకుబడి గల సభలో ఆమోదం పొందిన ఈ చట్టం స్వరూపాన్ని కొంచెం వివరంగా చూడడం అవసరం. భూములను నీటి వసతి, సారం ప్రకారం ఎనిమిది తరగతులుగా విభజించారు. ఒక కుటుంబం బతకడానికి కావలసిన కమతాన్ని మంచి మాగాణిలో 6 ఎకరాలుగా, అన్నింటికంటె నాసి మెట్టలో 72 ఎకరాలుగా నిర్ణయించారు. దానికి నాలుగున్నర రెట్లు గరిష్ఠ పరిమితి. అంటే 27 ఎకరాల నుంచి 324 ఎకరాల దాకా. పైగా ఈ పరిమితి కుటుంబానికి కాదు, వ్యక్తికి. భార్య పేర కొంత, మేజరు కొడుకుల పేర కొంత, బంధువుల పేర కొంత చూపితే మిగులు భూమి మాయమవుతుంది. బిల్లు గురించి చర్చ మొదలైన నాటికీ చట్టం అమలైన నాటికీ నడుమ రిజిస్ట్రేషన్ కచేరీలకు చేతినిండా పని దొరికింది. పర్యవసానంగా ప్రభుత్వం చేతికి వచ్చిన మిగులు భూమి అతి స్వల్పం. ఈ లోపాలను గుర్తించి అయిదుగురు సభ్యుల కుటుంబాన్ని యూనిట్‌గా తీసుకుని, 10 నుంచి 54 ఎకరాల పరిమితితో రాష్ట్రం మరో చట్టం చేయడానికి 1973 దాకా ఆగవలసి వచ్చింది. అప్పటికి సంజీవయ్య జీవించి లేరు.

ఈ వైఫల్యానికి ఆయన బాధ్యత ఎంత? మంత్రివర్గంలోనూ పక్షంలోనూ భూమి గలవారి మద్దతుతో నిలిచిన ముఖ్యమంత్రి అంతకంటె కఠినమైన చట్టం తెచ్చి ఉంటే సభలో ఓడిపోయేవారని సమర్థించవచ్చు. ఆ మాటలో సత్యం ఉన్నది. అయినా వ్యక్తిని యూనిట్‌గా తీసుకుంటే ఏమి జరుగుతుందో న్యాయశాస్త్రం చదివినవారు ముందే ఊహించగలరు. తెలిసి రాజీపడ్డారనే చెప్పవలసి ఉంటుంది. పట్టాలు లేని బంజరు భూములను నిరుపేదలకు పంచే పని మాత్రం ఆయన కాలంలో కొంత ఊపందుకున్నది. ప్రభుత్వ భూమిని పంచడం తేలిక, ప్రయివేటు భూమిని తీసుకోవడం కష్టం అన్న సత్యం అప్పటి నుంచీ మారలేదు.

1955లో ఎన్నికైన ఆంధ్ర ప్రాంత సభ్యుల పదవీకాలం 1962 దాకా సాగింది. 1957లో తెలంగాణలో మాత్రమే శాసనసభ ఎన్నికలు జరిగాయి. 1962లో రాష్ట్రం మొత్తానికి జరిగిన ఎన్నికలలో సంజీవయ్య కర్నూలు జిల్లా కోడుమూరు నుంచి గెలిచారు. పక్షమూ గెలిచింది. ముఖ్యమంత్రి పదవి మాత్రం ఆయనకు దక్కలేదు. కాంగ్రెస్ అధ్యక్ష పదవి ముగించుకుని వచ్చిన సంజీవరెడ్డి మార్చి 12న తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. ఢిల్లీ నుంచి ఒకరు రాగా, కొన్ని నెలలలోనే మరొకరు ఢిల్లీకి వెళ్లారు. 1962 జూన్‌లో సంజీవయ్య కాంగ్రెస్ అధ్యక్షులైనారు. చైనాతో యుద్ధం, ఉప ఎన్నికలలో పరాజయాలు, కామరాజ్ పథకం, అన్నీ ఆ ఏడాదిన్నరలోనే జరిగాయి. పార్టీ నిర్ణయాలు నెహ్రూ చుట్టూ తిరుగుతున్న ఆ రోజులలో అధ్యక్షునికి మిగిలిన పాత్ర పరిమితమైనది.

బోనస్ వివాదం

1964 జూన్‌లో లాల్ బహదూర్ శాస్త్రి ప్రధాని కాగా, సంజీవయ్యకు కేంద్రంలో కార్మిక, ఉపాధి శాఖ లభించింది. ఆయన బల్ల మీదకు వచ్చిన మొదటి పెద్ద ఫైలు బోనస్. అప్పటికి పదిహేను సంవత్సరాలుగా ఈ అంశం పారిశ్రామిక వివాదాలలో ముఖ్యమైనదిగా ఉంటూ వచ్చింది.

బోనస్ యజమాని దయతో ఇచ్చే పండుగ బహుమానమా, లేక లాభంలో కార్మికునికి రావలసిన వాటాయా అన్నది వివాదానికి మూలం. 1950లో లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ ఒక సూత్రం చెప్పింది. స్థూల లాభంలో నుంచి తరుగుదల, పాత యంత్రాల స్థానంలో కొత్తవి కొనడానికి కేటాయింపు, పన్ను, మూలధనంపై ప్రతిఫలం తీసివేయగా మిగిలినదానిలో కార్మికులకు వాటా ఉంటుందన్నది దాని సారాంశం. యంత్రాల మార్పిడికి ఎంత కావాలో యజమానుల ఇంజనీర్లే లెక్క కట్టేవారు. తీసివేతలు పూర్తయ్యేసరికి మిగిలేది తరచు శూన్యం. మిగిలినప్పుడు కూడా ఎంత ఇవ్వాలన్నది కోర్టులో ఏళ్ల తరబడి సాగేది. 1961 డిసెంబరులో మెహర్ అధ్యక్షతన ప్రభుత్వం బోనస్ కమిషన్‌ను నియమించింది. 1964 జనవరిలో నివేదిక వచ్చింది. యంత్రాల మార్పిడి కింద తీసివేతను కమిషన్ తొలగించింది. నష్టం వచ్చినా సరే, వార్షిక వేతనంలో 4 శాతం గాని 40 రూపాయలు గాని, ఏది ఎక్కువైతే అది కనీస బోనస్‌గా ఇవ్వాలని సిఫారసు చేసింది. గరిష్ఠం 20 శాతం.

1964 సెప్టెంబరులో ప్రభుత్వం ఈ సిఫారసులను కొన్ని మార్పులతో ఆమోదించింది. మార్పులు యజమానులకు అనుకూలంగా ఉన్నాయి. మూలధనంపై ముందుగా మినహాయించుకునే ప్రతిఫలం రేటు పెరిగింది. కార్మిక సంఘాలు మండిపడ్డాయి. కొత్త లెక్క వల్ల ఇప్పటిదాకా వస్తున్న బోనస్ తగ్గిపోతుందన్న భయం వాటిది. పాత లెక్క లాభకరంగా ఉన్నచోట కార్మికులు దానిని కోల్పోకుండా చూస్తామని ప్రభుత్వం హామీ ఇచ్చింది. 1965 మే నెలలో ఆర్డినెన్సు వెలువడింది. పాకిస్తాన్‌తో యుద్ధం ముగిసీ ముగియకముందే, సెప్టెంబరు 25న బోనస్ చెల్లింపు చట్టం అమలులోకి వచ్చింది. దేశమంతా సరిహద్దుల వైపు చూస్తున్న వేళ పార్లమెంటు ఇటువంటి చట్టం చేయడం చెప్పుకోదగినది.

చట్టం ఇరవై మంది లేక అంతకుమించి పనిచేసే సంస్థలకు వర్తించింది. నెలకు 1,600 రూపాయల వరకు జీతం గలవారు అర్హులు. పంపకానికి వచ్చే మిగులులో 60 శాతం కార్మికులది. ఒక ఏడాది మిగులు హెచ్చుగా ఉంటే కొంత తరువాతి నాలుగేళ్లకు జమ చేసుకోవడం, తక్కువైతే ఆ జమ నుంచి సర్దుకోవడం అనే ఏర్పాటు కూడా పెట్టారు. గణితం బోధించిన మంత్రికి ఈ లెక్కలు కొరుకుడు పడనివి కావు.

యజమానులు సుప్రీం కోర్టుకు వెళ్లారు. జలాన్ ట్రేడింగ్ కంపెనీ కేసులో 1966 ఆగస్టులో వచ్చిన తీర్పు ఆ చట్టానికి పరీక్ష అయింది. నష్టాల్లో ఉన్నా కనీస బోనస్ ఇవ్వవలసిందేనన్న సెక్షన్‌ను కోర్టు సమర్థించింది. అదే చట్టం ఆయువుపట్టు. అయితే కార్మికులకు పాత ప్రయోజనం పోకుండా చూసే నిబంధనను, పెండింగ్ వివాదాలకు చట్టాన్ని వర్తింపజేసే నిబంధనను కొట్టివేసింది. హామీ ఇచ్చిన భాగం పోయింది, హక్కుగా రాసిన భాగం నిలిచింది. 4 శాతం ఉన్న కనీస బోనస్ 1970 దశకం తొలి సంవత్సరాలలో 8.33 శాతానికి, అంటే ఒక నెల జీతానికి, పెరిగింది. రైల్వే ఉద్యోగులు మొదలుకొని చక్కెర మిల్లు కార్మికుల దాకా ఏటేటా దసరా, దీపావళి వేళ బజారులో ఖర్చుపెట్టే డబ్బుకు ఆ విధంగా దారి పడింది. రైల్వేలో ఇచ్చేది ఉత్పాదకతతో ముడిపెట్టిన బోనస్, ఈ చట్టం కింద ఇచ్చేది కాదు. కాని ఆ కోరికకు బలం చేకూర్చినది ఈ చట్టమే.

1966 జనవరిలో ఇందిరాగాంధీ మంత్రివర్గంలో ఆయన పరిశ్రమల శాఖకు మారారు. అదే ఏడాది జూన్‌లో రూపాయి విలువ తగ్గింపు జరిగింది. వరుస కరువులు, విదేశీ మారక ద్రవ్య కొరతల మధ్య పరిశ్రమల మంత్రికి లైసెన్సుల దరఖాస్తులు చూడడం తప్ప పెద్ద అవకాశాలు రాలేదు. 1967 ఎన్నికల ప్రచారంలో కారు ప్రమాదానికి గురై తీవ్రంగా గాయపడ్డారు. ఆ దెబ్బ నుంచి పూర్తిగా కోలుకోలేదని ఆయనను దగ్గరగా చూసినవారి అభిప్రాయం.

కాంట్రాక్టు కూలీలు, పునరావాసం

1970 ఫిబ్రవరిలో ఆయన తిరిగి కార్మిక మంత్రి అయినారు. ఈసారి పునరావాస శాఖ కూడా తోడైంది. భారతదేశంలోని కార్మిక సమస్యలను, పారిశ్రామికాభివృద్ధిని గురించి ఆయన ఆంగ్లంలో రచించిన గ్రంథం ఆ ఏడాదే వెలువడింది. మాజీ ప్రధాన న్యాయమూర్తి గజేంద్ర గడ్కర్ అధ్యక్షతన జాతీయ కార్మిక కమిషన్ ఇచ్చిన బృహత్తర నివేదిక అప్పటికి కొద్ది నెలల క్రితమే చేరింది. దానికంటె ముందు, 1967లో ప్రవేశపెట్టగా సంయుక్త సంఘానికి వెళ్లి ఆగిన ఒక బిల్లు ఉన్నది. కాంట్రాక్టు కార్మికుల క్రమబద్ధీకరణ, నిర్మూలన చట్టంగా అది 1970 సెప్టెంబరు 5న రాష్ట్రపతి ఆమోదం పొంది, 1971 ఫిబ్రవరి 10న అమలులోకి వచ్చింది.

మేస్త్రీ కింద పనిచేసే కూలీకి అసలు యజమాని ఎవరో తెలియని పరిస్థితిని మార్చడం దీని ఉద్దేశం. ఇరవై మంది లేక అంతకుమించి కూలీలను పెట్టే సంస్థ నమోదు కావాలి. కాంట్రాక్టరు లైసెన్సు తీసుకోవాలి. మంచినీరు, విశ్రాంతి గది, ప్రథమ చికిత్స ఉండాలి. కాంట్రాక్టరు కూలి ఎగవేస్తే అసలు యజమాని చెల్లించాలి. ఈ చివరి నిబంధన చాలా విలువైనది. శాశ్వత స్వభావం గల పనిలో కాంట్రాక్టు పద్ధతిని నిషేధించే అధికారాన్ని మాత్రం చట్టం ప్రభుత్వ నోటిఫికేషన్‌కు విడిచిపెట్టింది. నిషేధించిన తరువాత ఆ కూలీల గతి ఏమిటో చెప్పలేదు. ఆ మౌనం ముప్పయి సంవత్సరాలు కోర్టులను వేధించింది. నిషేధం వెలువడితే కూలీలు నేరుగా సంస్థ ఉద్యోగులవుతారని 1996లో ఎయిర్ ఇండియా కేసులో సుప్రీం కోర్టు తేల్చింది. చట్టంలో అటువంటి మాట లేదని 2001లో ఉక్కు ప్రాధికార సంస్థ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చింది. విశాఖలోనూ, రామగుండంలోనూ, దేశంలోని ప్రతి ప్రభుత్వరంగ కర్మాగారపు గేటు వద్దనూ నిలబడిన వేలాదిమందికి ఆ ఒక్క వాక్యం లేకపోవడం వల్ల ఉద్యోగం అందలేదు.

పునరావాస శాఖ పరిధి బర్మా, శ్రీలంకల నుంచి తిరిగివచ్చినవారికీ, తూర్పు పాకిస్తాన్ శరణార్థులకూ విస్తరించి ఉండేది. అండమాన్ నికోబార్ దీవులలో, ముఖ్యంగా లిటిల్ అండమాన్‌లో, కచ్చాల్ రబ్బరు తోటలలో వారికి జీవనోపాధి కల్పించే పథకాలు ఆ శాఖవే. ఆ దీవులకు స్వంత శాసనసభ లేదు. పార్లమెంటు చేసిన చట్టమే అక్కడి చట్టం. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల ప్రజలలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల నుంచి సముద్రం దాటి వెళ్లి నిర్మాణ పనులలో, రేవు పనులలో చేరినవారి సంతతి వీరిలో చాలామంది. పోర్ట్ బ్లెయిర్‌లోని డైరీ ఫార్మ్ వంటి పేటలలో స్థిరపడిన తెలుగు కూలీకి కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే అడగడానికి ఆధారంగా ఉంటూ వచ్చినది కర్నూలు జిల్లా వాసి మంత్రిగా ఉండగా పార్లమెంటు చేసిన చట్టం. ఈ సంగతి ఆ కూలీలలో ఎంతమందికి తెలుసునన్నది వేరే విషయం.

1971 మార్చి 1 నుంచి భవిష్య నిధి సభ్యుల కోసం కుటుంబ పింఛను పథకం అమలైంది. ఉద్యోగంలో ఉండగా మరణించిన కార్మికుని భార్యకు నెలనెలా కొంత మొత్తం అందించే ఏర్పాటు ఇది. 1995లో విస్తృతమైన ఉద్యోగుల పింఛను పథకం వచ్చేదాకా ఇదే కొనసాగింది. కార్మిక మంత్రిగా ఆయన చివరి నెలలలోని పని ఇది. ముఖ్యమంత్రిగా తొలి ఏడాది చేసిన పని కూడా పింఛనే కావడం యాదృచ్ఛికం కావచ్చు.

అనంతరం ఆయన మంత్రి పదవి వదిలి రెండవసారి కాంగ్రెస్ అధ్యక్షులైనారు. 1972 మార్చిలో పలు రాష్ట్రాల శాసనసభలకు జరిగిన ఎన్నికలలో పార్టీ ఘన విజయం సాధించింది. రెండు నెలలు తిరగకుండానే, మే నెలలో ఢిల్లీలో ఆయన గుండె ఆగి మరణించారు. వయస్సు 51 సంవత్సరాలు. 1954లో వివాహమాడిన భార్య కృష్ణవేణికి ఆయన చెప్పుకోదగిన ఆస్తి ఏమీ మిగల్చలేదు. అన్ని పదవులు నిర్వహించిన వ్యక్తి విషయంలో ఇది నాడు కూడా అరుదైన సంగతే.

హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఉన్న ఉద్యానవనం, హంద్రీ నది మీది గాజులదిన్నె జలాశయం, నెల్లూరు జిల్లాలో కృష్ణపట్నం వద్ద థర్మల్ విద్యుత్ కేంద్రం ఆయన పేరుతో ఉన్నాయి. వీటన్నింటికంటె తగినదిగా తోచేది విశాఖపట్నం సమీపంలో సబ్బవరంలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం. 2008లో ఏర్పడిన ఆ సంస్థకు తరువాత ఆయన పేరు పెట్టారు. బోనస్ చట్టంలోని నిబంధనలను 2019 నాటి వేతనాల కోడ్‌లోనూ, కాంట్రాక్టు కార్మికుల చట్టంలోని నిబంధనలను 2020 నాటి వృత్తి భద్రతా కోడ్‌లోనూ పార్లమెంటు విలీనం చేసింది. కనీస బోనస్ 8.33 శాతం కొత్త కోడ్‌లో యథాతథంగా ఉన్నది. కాంట్రాక్టు చట్టం వర్తించడానికి కావలసిన కూలీల సంఖ్యను మాత్రం 20 నుంచి 50కి పెంచారు. నలభై మంది కూలీలతో పని నడిపే కాంట్రాక్టరు ఆ మేరకు లైసెన్సు అవసరం లేనివాడైనాడు.